ఆరు దెబ్బల మాట

చీరాలలో ఒక ప్రైవేటు బడిలో హైమావతి పదకొండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతోంది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తెలుగు మీడియంలో చదివిన ఆవిడ ఉచ్చారణ మీద కరస్పాండెంట్‌కు ఎప్పుడూ అనుమానమే. చివరికి క్లాసులో కూర్చుని విని తేలుస్తానన్నాడు.

అతను వచ్చి కూర్చున్న రోజు బోర్డు మీది మాట 'ఇన్‌డిఫ్యాటిగబుల్'. అలసట ఎరుగని అని అర్థం. ముందున్న 'ఇన్' కాదంటుంది, చివరి 'ఏబుల్' వీలవుతుందంటుంది, అలసట నడుమ ఉందని విడదీసి చూపింది. పలికితే ఆరు ముక్కలు, నొక్కు మూడోదాని మీద. అందుకని పిల్లల చేత బల్లల మీద ఆరు దెబ్బలు కొట్టించింది. రెండు మెత్తగా, మూడోది గట్టిగా, మిగతా మూడూ మెత్తగా. చిన్నప్పుడు ఇంట్లో మగ్గం చప్పుడులో పాఠాలు బట్టీపట్టిన మనిషికి ఇంతకన్నా తేలిక దారి తెలియదు.

"ఆపండమ్మా! ఇది క్లాసా, మగ్గం గుంటా?" అని కరస్పాండెంట్ పకపకా నవ్వాడు.

వెనక బల్లల్లో నేతపనివాళ్ల పిల్లలు తలలు దించుకున్నారు. తనను ఒక్కదాన్నే అని ఉంటే పడేదే. ఆ తలలు చూసేసరికి హైమావతికి ఒళ్లు మండిపోయింది.

"మగ్గం గుంటేనండీ. మా నాన్న నలభై ఏళ్లు అందులో కాళ్లు దించి కూర్చుని నేస్తేనే నేను ఎమ్మే చదివాను. మీ ఆవిడగారు కట్టే చీరలూ అక్కడివే. నవ్వడానికి ఏముందండీ అందులో?"

"మీ పర్మనెంట్ సంగతి..."

"తర్వాత చూసుకుందాం లెండి. పీరియడ్ ఇంకా అవలేదు." ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "ఏంట్రా, తలలెత్తండి. మళ్లీ కొట్టండి. మూడోది వీధిలోకి వినపడాలి!"