నీలం తిరిగిన అంచు

మా అత్త నడుముకి వేలాడే కత్తిని చూసి కొత్తవాళ్ళు కాస్త దూరంగా జరిగి నిలబడతారు. ఆవిడ అంత భయపెట్టే మనిషేం కాదు. కరెంటు తీగలకు అడ్డం వచ్చే కొమ్మలు కొట్టే ముఠాకి వంటమనిషి. వారమంతా వాళ్ళతో పాటు డేరాల్లో ఉంటుంది, శనివారం మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. ముఠా వ్యాను నడిపేది నేనే కాబట్టి నేనూ ఆవిడ వెంటే. మామయ్యకి మేనకోడలిని, ఉండేది కూడా వాళ్ళింట్లోనే.

కత్తి ఏమంత ఘనమైనది కాదు. హార్డ్‌వేర్ కొట్లో మేకుల డబ్బాల పక్కన పడుండే చవక రకం. ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర, మడతపెట్టే వీల్లేని ఉక్కు బ్లేడు. తడి తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు. దాంతోనే అత్త ఉల్లిపాయలు తరుగుతుంది, డేరా తాళ్ళు కోస్తుంది, పొయ్యిలోకి పుల్లలు చీలుస్తుంది, మరిగే నీళ్ళతో కడిగి మళ్ళీ బంగాళదుంపల చెక్కు తీస్తుంది. ముఠా మేస్త్రీ ఒకసారి ముచ్చటపడి వంటింటి కత్తుల సెట్టు కొనిచ్చాడు. అది ఇంకా పెట్టెలోనే ఉంది.

"పెట్టె తెరిచి వెతుక్కునేలోపు పాలు పొంగిపోతాయి. ఇదైతే చెయ్యేస్తే ఉంటుంది," అంటుంది అత్త.

ఆ కత్తిని ఎవరికీ ఇవ్వదు. మేస్త్రీ అడిగినా సరే, "నీ గొడ్డలి నాకిస్తావా?" అని నోరు మూయిస్తుంది. పదును కూడా తనే చూసుకుంటుంది, ఓ అరిగిపోయిన సానరాయి మీద. కట్టుకున్నవాడు సానపట్టే పనిలో పేరున్న మనిషి అయ్యుండి ఇదేం చోద్యమని మేం ఆటపట్టిస్తే, "చక్రం దగ్గరికి పంపితే నా కత్తి అరిగి పుల్లవుతుంది" అనేది.

మామయ్య పనిముట్ల షాపులో సానచక్రం దగ్గర పనిచేసేవాడు. చక్రం మీద ఉక్కు వేడెక్కితే అంచుకి మొదట ఎండుగడ్డి రంగొస్తుంది, తర్వాత నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. ఆ రంగు రాకముందే నీళ్ళలో ముంచాలి. మామయ్య చేతిలో ఒక్క ఉలి కూడా నీలం తిరగలేదని షాపులో గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి కళ్ళు మసకబారాయి. ఆపరేషన్ అయింది, కానీ చూపు ఇంతకంటే బాగుపడదని డాక్టరు తేల్చేశాడు. మామయ్య వింటేనా! సోమవారం నుంచి పనిలోకొస్తానని షాపు యజమానికి చెప్పేశాడు. ఆయనా మొహమాటపడి సరేనన్నాడు. తిరిగే చక్రం ముందు ఆ కళ్ళతో కూర్చుంటే వేళ్ళు దక్కుతాయా? అత్త బతిమాలింది. మామయ్య ఒంటికాలి మీద లేచాడు.

ఆ శనివారం మేం ఇంట్లో అడుగుపెట్టామో లేదో, మామయ్య చెయ్యి చాపాడు.

"ఆ కత్తి ఇలా ఇవ్వు. షాపుకెళ్ళి పదును పెట్టుకొస్తా. నా పనేంటో నువ్వే చూద్దువుగాని."

అత్త బెల్టు నుంచి ఒర ఊడదీసి ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. మేస్త్రీకి ఇవ్వని కత్తిని కళ్ళు కనపడని మనిషి చేతిలో పెడుతుందా!

తిరిగొచ్చేసరికి మామయ్య మొహం వెలిగిపోతోంది. అత్త కత్తి బయటికి తీసింది. సగం నుంచి కొనదాకా అంచు పొడుగునా నీలం చార.

"ఎలా ఉంది?" అన్నాడు మామయ్య.

"బాగుంది," అంది అత్త.

నేనావిడని వంటింట్లోకి లాక్కెళ్ళాను. "చెప్పవేం అత్తా?"

"నువ్వూరుకో. ఆయనకి మిగిలింది ఆ పేరొక్కటే."

"వేళ్ళు మిగలక్కర్లేదా?"

అత్త గుమ్మడికాయ ముందేసుకుంది. మొదట కత్తి వెన్నలో దిగినట్టు దిగింది, కొత్త పదును కదా. కాయ సగం తరిగేసరికి జారడం మొదలెట్టింది. తొక్క మీద గట్టిగా నొక్కితే కర్రుమని పక్కకి పోయింది. ముందుగదిలో మామయ్య ఆ చప్పుడు విన్నాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైంది?"

"ఏం లేదండీ. కాయ ముదురు."

"ఇలా తే."

కత్తి అందుకుని ఆయన కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. బొటనవేలు అంచుకి అడ్డంగా ఆనించి, పిడి దగ్గర్నుంచి మెల్లగా కొనవైపు తడుముకుంటూ వెళ్ళాడు. సగంలో ఆగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ తడిమాడు.

"నీలం తిరిగిందా?"

నేను చెప్పేసేదాన్నే. ఈలోగా అత్తే, "తిరిగింది," అంది.

"తీయగానే చూశావు కదా?"

"చూశాను."

"మరి బాగుందన్నావేం?"

"మీ మొహం చూసి అన్నాను," అంది అత్త. కళ్ళనిండా నీళ్ళు. అంతసేపూ ఆవిడని తిట్టుకున్నందుకు నాకే ఏదోలా అనిపించింది.

మామయ్య కత్తి బల్లమీద పెట్టాడు. "ముంచుతూనే ఉన్నానే. రంగు ఇంకా రాలేదనుకున్నాను," అన్నాడు. నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, మా యజమానికి ఫోన్ కలుపు."

కలిపి ఇచ్చాను.

"సోమవారం రావట్లేదండీ," అన్నాడు. "ఇక రాను. నా చక్రం దగ్గర ఇంకెవరినైనా పెట్టుకోండి."

అవతలాయన ఎందుకని అడిగినట్టున్నాడు.

"చక్రం మీద కత్తి కాల్చేశానండీ. మా ఆవిడ కత్తే."