మూరెడు దారానికో కోరిక

మా పెద్దమ్మ బొంత కుడుతున్నప్పుడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం కుదరదు. ఆవిడ అప్పటికే ఒకరితో మాట్లాడుతూ ఉంటుంది. పెదాలు కదులుతాయి, మాట మాత్రం బయటికి రాదు. చిన్నప్పుడు నేను కుట్లు లెక్కపెడుతోందేమో అనుకునేదాన్ని. "లెక్కలు కాదే, దేవుడితో పనుంది. నువ్వు అవతలికి పో" అని ఓసారి కసిరితే అప్పుడు తెలిసింది సంగతి.

ఆవిడ పద్ధతి ఇది. సూదిలోకి మూరెడు దారం ఎక్కిస్తుంది. ఆ దారం అయిపోయేదాకా దేవుణ్ణి ఒకే కోరిక అడుగుతుంది. బొంత ఎవరిదైతే ఆ కోరిక వాళ్ళ కోసం. దారం మార్చినప్పుడే కోరిక మార్చడం. నా బొంతలో ఎన్ని కోరికలున్నాయో గానీ, నేను మాత్రం లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాను. ఆ మాటే అంటే, "నీ ఆరోగ్యం అడిగానే. లెక్కలు నేనెందుకు అడుగుతాను, చదవాల్సింది నువ్వు కదా!" అంది.

ముప్ఫై ఏళ్ళు ఓ దర్జీ షాపులో చొక్కాలకి కాజాలు తీసి గుండీలు కుట్టిన మనిషి. మా వీధిలో సగం మంది గుండీలు ఆవిడ చేతిమీదుగా పోయినవే. అందుకే అందరూ కాజాలమ్మ అంటారు. షాపులో మిగిలిన గుడ్డముక్కలు సంచీలో తెచ్చుకునేది. వాటికి ఇంట్లోవాళ్ళ పాత బట్టలు కలిపి, ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కుట్టేది. ఆవిడ కప్పుకునే బొంత నిండా పెదనాన్న బస్సు నడిపిన రోజుల ఖాకీ చొక్కాలే. ఆయన పోయి పదేళ్ళయినా ఒక చొక్కా జేబు అలాగే ఉంచింది. అందులో కళ్ళజోడు పెట్టుకుంటుంది.

ఇంకో నియమం కూడా ఉంది. ఎవరి మీద కోపంగా ఉందో వాళ్ళ బొంత ముట్టుకోదు. "కోపంలో దేవుడికి ఏం చెప్పమంటావు? చాడీలా?" అంటుంది. ఈ నియమం వల్లే మా అమ్మ బొంత ఏళ్ళ తరబడి పెట్టెలో మూలిగింది.

అమ్మమ్మ పోయిన నెలకి జరిగిందా గొడవ. అమ్మమ్మకో నీలం శాలువా ఉండేది, చుట్టూ తెల్ల అంచుతో. కుర్చీలో ఉన్నా మంచం మీద ఉన్నా అది ఆవిడ భుజాల మీద ఉండాల్సిందే. ఓరోజు అమ్మ చెప్పాపెట్టకుండా అక్కగారింటికి వెళ్ళింది. వెళ్ళేసరికి శాలువా నేలమీద పరిచి ఉంది, పెద్దమ్మ చేతిలో కత్తెర, అంచు అప్పటికే వేరైపోయింది.

"అమ్మని ముక్కలు చేస్తున్నావా!" అని అరిచింది అమ్మ.

నీ కోసమేనే అని ఒక్క మాట అంటే అక్కడితో సరిపోయేది. అంత మాట పడ్డాక నిజం చెప్పడం పెద్దమ్మ తత్వం కాదు. "నా ఇల్లు, నా కత్తెర, నా ఇష్టం" అంది. అమ్మ గిర్రున వెనక్కి తిరిగి వచ్చేసింది. రెండు వీధుల దూరంలో ఉంటూ ఆరేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఇద్దరిదీ ఒకే ముక్కు, ఒకే పంతం. మధ్యలో నలిగింది నేను. నేను పెద్దమ్మ ఇంటికి వెళ్ళొస్తే "ఒళ్ళేమైనా చేసిందా మీ పెద్దమ్మ?" అని అమ్మ గోడకేసి చూస్తూ అడిగేది. అక్కడికి వెళ్తే "మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నాలే" అని పెద్దమ్మ.

కిందటేడు ఆవిడకి సూదిబెజ్జం చెదిరినట్టు కనిపించడం మొదలైంది. కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కంటి వెనక నరం ఎండిపోతోందట, ఆపరేషన్‌కి లొంగదట. నడవడానికీ మనుషుల్ని పోల్చుకోవడానికీ ఇబ్బంది లేదు గానీ, చేతిలో సన్నపని మాత్రం ఇంకో నాలుగు నెలలకి మించి సాగదన్నాడు.

ఇంటికి రాగానే పెద్దమ్మ పెట్టె తెరిచి ముప్పాతిక భాగం అయిన బొంత బయటికి తీసింది. "ఇది మీ అమ్మది. ఈ ఒక్కటీ పూర్తి కావాలి" అని అప్పుడు చెప్పింది నాకు. అమ్మతో అనకూడదని ఒట్టు కూడా వేయించుకుంది. "కోపం ఎప్పుడో పోయిందే. పోయాక ఇంతవరకూ కుట్టేసరికి కళ్ళు మొరాయించాయి" అంటూ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండు నెలలు చూశాను. రోజుకి ఒక దారం కూడా సాగడం లేదు. నా తెలివితేటలు ఊరుకోవుగా! ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు బొంత సంచీలో దాచి, పాత షాపుకే పట్టుకెళ్ళాను. మిగిలిన మూల అరగంటలో మిషను మీద కుట్టించేశాను. ఇస్త్రీ చేయించి, మడతపెట్టి, తెచ్చి ఒళ్ళో పెట్టాను, మెచ్చుకుంటుందని.

పెద్దమ్మ వేళ్ళతో ఒక్కో వరసా తడిమింది. ఆ మూల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదే" అంది.

తిట్టినా బాగుండేది. మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు అంది. "మిషను గడగడా కొట్టుకుపోయింది. పాపం, అది ఎవరికోసం ఏం అడుగుతుంది చెప్పు?"

మూడు రోజులు కూర్చుని వేళ్ళతో తడుముకుంటూ ఆ కుట్లన్నీ విప్పింది. తర్వాత నన్ను సూదిలో దారం ఎక్కించమంది. ఎక్కించి ఇస్తే, వరస ఒకచోట మొదలై ఇంకోచోట తేలింది. వేలికి గుచ్చుకుని తెల్ల అంచు మీద రక్తపు చుక్క పడింది. బొంత మడతపెట్టి పక్కన పెట్టేసి, "ఇంక నావల్ల కాదే" అంది. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒట్టుని గట్టు మీద పెట్టి, తిన్నగా ఇంటికెళ్ళి అమ్మకి మొత్తం చెప్పేశాను.

అమ్మ తువ్వాలు మడతపెడుతున్నదల్లా అలాగే నిలబడిపోయింది. "ఆరేళ్ళ కిందటే చెప్పి ఏడవొచ్చుగా" అని, తనే ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. గుమ్మంలో ఉండగానే పెద్దమ్మ తలెత్తింది. "చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేది మా ఇంట్లో ఒక్కతే" అంది.

"కళ్ళు పోయినా నోరు పోలేదు" అంది అమ్మ.

అంతే, ఆరేళ్ళ తర్వాత మాటలు. అమ్మ బొంత విప్పి మంచం మీద పరిచింది. పెద్దమ్మ ముక్కలు చేసింది అంచునే. శాలువా నడిమి భాగం చెక్కుచెదరకుండా తలవైపు ఉంది. అమ్మ దాని మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

"కప్పుకుంటే ముఖానికి తగలాలని అక్కడ పెట్టా" అంది పెద్దమ్మ.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించి, ఆ మూల ఒళ్ళోకి లాక్కుంది. "నేను కుడతా. అడిగేది నువ్వు అడుగు. పైకి అడుగు, లేకపోతే ఏ దారానికి ఏది అడిగావో నాకెలా తెలుస్తుంది?"

పెద్దమ్మకి సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ళుగా పెదాలు దాటని మాటలవి. గొంతు సవరించుకుని, "దీని మోకాళ్ళ నొప్పి తగ్గించు, దేవుడా" అంది. దారం అయింది. "దీని కూతురికి నిలకడైన బుద్ధి ఇయ్యి." అది నా గురించే. మూడో దారానికి, "దీని కోపం కాస్త తగ్గించు."

"అక్కా!"

"దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో దూరకు. కుట్టు."

మధ్యాహ్నానికి ఒక్క దారం మిగిలింది. పెద్దమ్మ అడగలేదు. అమ్మ సూది పట్టుకుని ఎదురు చూస్తోంది.

"చెప్పవే, ఆగిపోయావేం?"

"ఆఖరి దారానికి ఒకటి అట్టిపెట్టుకున్నా" అంది పెద్దమ్మ. "ఒక్కసారి నిన్ను ఈ గడప ఎక్కించమని. నువ్వు వచ్చి కూర్చున్నావుగా. ఇంకేం అడగాలో తెలియడం లేదు."

అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, "అయితే ఇది నేను అడుగుతా" అంటూ సూది దింపింది. "దీని కళ్ళ సంగతి నీ ఇష్టం, దేవుడా. నన్ను మాత్రం దీని చేతికి అందేంత దగ్గర్లో ఉంచు." దారం అయిపోయేదాకా అదే మాట, కుట్టుకోసారి.

ముడి వేశాక పెద్దమ్మ వేళ్ళతో ఆ వరసలు తడిమి చూసింది.

"వంకర టింకరగా ఉన్నాయే."

"విప్పెయ్యనా?"

పెద్దమ్మ ఆ మూల రెండు చేతులతో పట్టుకుని తన వైపు లాక్కుంది.

"వద్దు. ఇక్కడ అడిగారు" అంది.