తీతు గీసిన గీతలు

తీతు ఏ కాగితాన్నీ మొదటినుంచి చదివేవాడు కాడు. శుభలేఖైనా చివరి పంక్తిలోంచే దూరేవాడు. రైల్వే ట్రాఫిక్ కాలనీలో పక్క క్వార్టర్లో ఉండే నూకాలమ్మ అతనికి చూపు దోషమేమో అనుకుంది.

అసలు కారణం పేటెంట్లు. వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో యంత్రాల బొమ్మలకు నకళ్లు గీసే ట్రేసరైన తీతు, ఆదివారం చర్చి కాగానే సైకిలెక్కి ఊరవతలి కాలేజీ లైబ్రరీకి పోయేవాడు. కొత్త యంత్రాలు కనిపెట్టి హక్కు రాయించుకున్నవాళ్ల కాగితాలు అక్కడికి విదేశాల నుంచి వచ్చేవి. ఒక్కొక్క దాని చివర, అంతకుముందు ఆ పని చేసినవాళ్ల పేటెంట్ల నంబర్లుండేవి. అవన్నీ రాసుకొచ్చి, ఏది దేన్ని తలచుకుందో పాత క్యాలెండర్ల వెనక గీతలు గీసేవాడు. గీతలు గుమిగూడిన చోట కొత్త విద్య పుడుతోందని అతని లెక్క.

పెళ్లి భోజనాల్లోనూ అదే వరస. పులుసు బాగుంటే వంటవాణ్ణి పిలిచి ఎవరు నేర్పారని, వాళ్లకెవరు నేర్పారని అడిగేవాడు. మూడో తరానికి చేరేసరికి మజ్జిగ అయిపోయేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో రేడియోలు బాగుచేసే విల్‌ఫ్రెడ్‌కు ఇక గాజు వాల్వులు కొనొద్దని చెప్పాడు. గీతలన్నీ ట్రాన్సిస్టర్ మీదకే పాకుతున్నాయట. విల్‌ఫ్రెడ్ నవ్వి రెండు పెట్టెల వాల్వులు తెప్పించి, చివరికి వాటిని క్రిస్మస్ చెట్టుకు వేలాడదీశాడు. ఆవిరి బాయిలర్లను ఎవరూ తలచుకోవడం లేదని టీకొట్లో అన్నరోజు మాత్రం బాయిలర్ షాపువాళ్లు తీతును సైకిలుతో సహా ఎత్తి రోడ్డుమీద పెట్టారు.

నూకాలమ్మకు ఈ గీతలు పట్టేవి కావు. ఆమె దిగులు ఆమెది. భర్త తవిటయ్య ఫిట్టరు. చక్రం జారిపోకుండా పట్టే కొక్కెమొకటి చేసి పేటెంటు తెచ్చుకున్నాడు గాని, దాన్ని ఎవరూ వాడలేదు. అతను పోయి తొమ్మిదేళ్లయింది. సాయంత్రం సైరన్ మోగినప్పుడు ఆమె గుమ్మంలో నిలబడేది, ఇళ్లకు పోయేవాళ్లలో ఒక్కరైనా అతని మాట ఎత్తుతారేమోనని. సైకిళ్లు సాగిపోయేవి.

అరవై ఆరు వానాకాలంలో ఒక ఆదివారం తీతు తడిసిముద్దై వచ్చి చొక్కాలోంచి కాగితం తీశాడు.

"వొదినా, అన్నని అమెరికావోడు తలుసుకున్నాడు."

ఆమెకు అర్థం కాలేదు. ఆసుపత్రుల్లో వాడే చక్రాల కుర్చీకి ఎవరో కొత్త పేటెంటు తీసుకున్నారని, అది జారకుండా పట్టే కొక్కేనికి మూలం ఫలానా అని చివర పేరుతో సహా రాశారని తీతు విడమరిచి చెప్పాడు. పేరు చదవమంది. ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చదివాడు.

"టావిటియా."

"ఎవుడాడు?"

"అన్నే వొదినా."

మళ్లీ చదివించుకుంది. ఇంకోసారి కూడా. తువ్వాలు పట్టుకొచ్చిన తీతు భార్య ఎలీసమ్మ అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. తవిటయ్య చనిపోయిన నెలనుంచే ఈయన లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాడట. ఎక్కడైనా ఆ ఒక్క నంబరు కనిపిస్తుందేమోనని. ట్రాన్సిస్టర్లు, బాయిలర్లు దారిలో తగిలినవేనట. తీతు తువ్వాలుతో తల తుడుచుకుంటూ ముఖం దాచుకున్నాడు.

నూకాలమ్మ కళ్లొత్తుకుని పీట వాల్చింది.

"ఆలకి ఉత్తరం రాయి బాబూ. కుర్సీ మంచిదే సేసినారని రాయి. మా ఆయన పేరు మాత్రం దిద్దమను."