ఇత్తడి గుండు మీద పేరు

ఇదంతా నవంబరు రెండు, ఆదివారం ఉదయం ఎనిమిదింపావుకు మొదలైంది. సింగపూరులోని క్రాంజీ యుద్ధ శ్మశానంలో, సిపాయిల పేర్లున్న గోడమీద మా ఎదురు ఫ్లాటు పెద్దాయన తన చిన్నాన్న పేరు వెతికారు. లేదు. చిన్నాన్న సిపాయి కాదు, మలయాలో రబ్బరు తోట కూలీ. రెండో ప్రపంచ యుద్ధంలో సయాం-బర్మా రైలుదారి వేయడానికి జపాను సైన్యం పట్టుకుపోతే మళ్లీ రాలేదు.

"ఫర్వాలేదక్కగారూ, మా ఊళ్లో ఉంది," అన్నారాయన.

యుద్ధం ముగిశాక సిపాయిగా ఇక్కడికొచ్చిన వాళ్ల నాన్నకు తమ్ముడు దొరకలేదు, జపానువాళ్ల ఫిరంగి గుండు తొడుగు దొరికింది. ఆ ఇత్తడి మీద తమ్ముడి పేరు చెక్కించి, ఊరి చర్చి ఆవరణలో సమాధిగా నిలబెట్టారు. ఏటా ఇదే రోజు, సమాధుల పండక్కి ఇంటిల్లిపాదీ దాన్ని చింతపండుతో తోముతారట. చెబుతున్నంతసేపూ ఆయన బొటనవేలు గాలిలో తోముతూనే ఉంది.

సాయంత్రం ఊరినుంచి పండగ ఫొటో వచ్చింది. ఆయన మనవరాలు ఫోనులో పెద్దది చేసి చూసి, సింగపూరు యాసలో అంది.

"నో నేమ్ లా, తాతా! ఫుల్ షైనింగ్."

ఆయన ఫోను అద్దాన్ని బొటనవేలితో రుద్దారు.

"మురికి పట్టుంటుందమ్మా. ఇంకాస్త తోమమని చెప్పు."

మనిషిని యుద్ధం తీసుకుంది. శవం ఏ అడవిలో కలిసిందో తెలియదు. పేరును ఇంటివాళ్లే తోమేశారు. మిగిలింది జపానువాళ్ల ఇత్తడి.