కోటు మడతలో ఫోటోలు

మా పిన్ని దర్జీ. ఏ వస్తువైనా గుడ్డలో పెట్టి కుట్టేస్తేనే భద్రమని ఆమె నమ్మకం. ముప్పై ఏళ్లు మిషను తొక్కాక కొట్టుకు తాళం వేసి, మెడలో కెమెరా తగిలించుకుని ఇరవై రోజులు ఊళ్లు తిరిగింది. ఆగిన ప్రతి ఊళ్లోనూ దర్జీలనే వెతుక్కుని, పనిలో ఉన్న వాళ్ల చేతులను ఫోటోలు తీసింది. అదేం పిచ్చో!

లాప్‌టాప్ మోయడం ఆమె వల్ల కాదు. అందుకని సాయంత్రం గదికి చేరగానే కెమెరాలోని ఫోటోలను ఫోన్‌లోకి, అందులోంచి ఇంకో చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించేది. ఫోన్‌లో చోటు తక్కువ కనుక అక్కడివి చెరిపేసేది. ఆ రెండో కార్డును చలికోటు అంచు మడతలో పెట్టి నాలుగు కుట్లు వేసేది. మర్నాడు విప్పడం, మళ్లీ కుట్టడం. కెమెరా పోయినా కోటు ఒంటిమీదే ఉంటుందని ధీమా.

చివరి మజిలీ మా ఇల్లు. తాతయ్య కుట్టుమిషను పిన్నికి దక్కిందన్న గొడవతో అమ్మ ఎనిమిదేళ్లుగా చెల్లెలి గడప తొక్కలేదు. పిన్ని వచ్చిందే రాజీకి. అమ్మ బాగానే చూసుకుంది, ఫోటో తీస్తుంటే ఒకసారి నవ్వింది కూడా. "మా ఇంటికి రావే అక్కా" అంటే మాత్రం మాట మార్చేసింది.

తిరుగు ప్రయాణంలో పిన్ని కెమెరాను బస్సులో మరిచిపోయింది. అయినా కంగారు పడలేదు. ఇంటికెళ్లి కోటు అంచు విప్పింది. ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఒకప్పుడు ఒకే తానులోంచి తనకూ అమ్మకూ రెండు కోట్లు కుట్టింది తనే. మా ఇంట్లో రెండూ ఒకే కొక్కేనికి వేలాడాయి. కార్డును అక్క కోటులో పెట్టి కుట్టేసింది!

"అక్కా, ఆ కోటు ఉతకలేదు కదా?" ఫోన్‌లో అడిగింది పిన్ని. "దర్జీల చేతులు పోతే పోనీ. నీ నవ్వు ఉందే అందులో! కాస్త విప్పి పోస్టులో పంపవే."

అమ్మ కోటు అంచు తడిమింది. గట్టిగా ఏదో తగిలింది. కత్తెర అందుకుని, మళ్లీ బల్లమీద పెట్టేసింది.

"నీ కుట్టు నేను విప్పితే గుడ్డ చిరుగుతుంది. పోస్టులో పోతే ఎవరిది పూచీ? పెట్టేయ్ ఫోను."

మర్నాడు అదే కోటు తొడుక్కుని బస్సెక్కింది. వెంట నేను. పిన్ని తలుపు తీసింది. అమ్మ తిన్నగా లోపలికెళ్లి తాతయ్య మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. పిన్ని కత్తెర పట్టుకుని ఆమె కాళ్ల దగ్గర చతికిలబడింది. గబగబా కుట్లు తెంపబోయింది.

"మెల్లగా విప్పు," అంది అమ్మ. "నాలుగు రోజులు ఉంటాలే."