ఫ్యాను ఆపి గురిపెట్టిన శెట్టిగారు

జిల్లాలను కొత్తగా విడదీసిన ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను శ్రీకాకుళంలో ఫైరింగ్ రేంజికి ఇన్‌చార్జిగా వేశారు. నా హోదా సాయుధ రిజర్వులో సబ్ ఇన్‌స్పెక్టరు. స్టేషన్లో ఉండే ఎస్సైకి కేసులుంటాయి, మాకు తుపాకులుంటాయి. స్టేషన్ ఎస్సై వీధిలోకి వస్తే నలుగురు లేచి నిలబడతారు. మేం వస్తే బస్సులో సీటు కూడా ఇవ్వరు. పదవీ విరమణకు రెండేళ్లుంది. ఈ రెండేళ్లూ ఎవరితో పేచీ లేకుండా గడిస్తే చాలనుకుని బాధ్యతలు తీసుకున్నాను.

రేంజి ఊరికి దూరంగా కొండ వార ఉండేది. కాల్పులు జరిగే రోజున ఎర్రజెండా ఎగరేసి, మేకల వాళ్లను అవతలికి తోలి, అప్పుడు మొదలుపెట్టాలి. తూటాలు వెళ్లి దిగబడే మట్టికట్టను బట్ అంటాం. దాని ముందు అట్టబొమ్మలు నిలబెట్టి, కాల్పులయ్యాక చిల్లులు లెక్క చెప్పి, వాటిమీద కాగితం ముక్కలు అంటించేవాడు మార్కరు. నా మార్కరు హెడ్ కానిస్టేబులు సింహాచలం. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ నోరు ఊరుకునేది కాదు.

ఆత్మరక్షణకు పిస్టలు లైసెన్సు కావాలన్నవాళ్లు ముందు శిక్షణ తీసుకుని ధ్రువపత్రం పొందాలి. ఆ శిక్షణ, పరీక్ష కూడా నా నెత్తినే పడ్డాయి. అలా వచ్చినవాడు పాతపట్నం బంగారం వ్యాపారి లింగమూర్తి. ఊళ్లో అందరూ శెట్టిగారనేవారు, నేనూ అలాగే పిలిచాను. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. ఆయన భార్య పార్వతమ్మగారు కారులోంచి దిగకుండా, సరుగుడు చెట్ల నీడలో టిఫిన్ క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

మీకు పిస్టలెందుకని అడగడం నా విధి. శెట్టిగారు తల వంచుకుని చెప్పాడు. అంతకు ముందు శీతాకాలంలో, దుకాణం మూసి నగల సంచితో ఇంటికి వెళ్తున్న తమ్ముడు సోమలింగం కళ్లలో ఎవరో కారం కొట్టి సంచి లాక్కుపోయారు. చూపు దక్కింది గానీ మనిషి బెదిరిపోయాడు. దుకాణం గడప తొక్కడం లేదు. శెట్టిగారు ఒక్కడే చూసుకుంటూ, వెలుగుండగానే ఇల్లు చేరాలని నాలుగింటికే షట్టరు దించేస్తున్నాడు. ఆ ఊళ్లో బంగారం కొనే రైతులు పొలం పని ముగించుకుని దీపాలు పెట్టే వేళకు గానీ రారు. వచ్చి, మూసిన షట్టరు చూసి, పక్క దుకాణానికి పోతున్నారు. ఇలాగే సాగితే దుకాణం ఎత్తేసి విజయనగరం వెళ్లిపోదామని పార్వతమ్మగారు పట్టుబట్టింది.

“తాతలనాటి కొట్టండి. ఎత్తేస్తే మా తమ్ముడు మరి మనిషి కాడు,” అన్నాడు.

పరీక్ష పెద్ద కష్టమైనదేమీ కాదు. పదిహేను గజాల దూరం, పది తూటాలు, వాటిలో ఆరు బొమ్మమీది నల్ల వృత్తంలో పడాలి. మొదటి రోజు శెట్టిగారివి రెండు పడ్డాయి. మిగిలినవన్నీ కిందికి, ఎడమకు పోయాయి.

చిల్లులు చూడటానికి బొమ్మ దగ్గరికి తీసుకువెళ్లాను. అక్కడ మొదలైంది ఆయన బేరం. చిల్లు అంచు వృత్తపు గీతకు తగిలితే లోపలిదిగానే లెక్కవేయాలని మా నిబంధన. నోరు జారి ఆ మాట చెప్పాను. అప్పటినుంచి ప్రతి చిల్లు దగ్గరా కళ్లజోడు పెట్టుకుని వంగేవాడు.

“ఇది తగిలినట్టే కదండీ. అట్ట ఎండకి కాస్త ముడుసుకున్నాది గానీ, సాపుగా ఉంటే తగిలేదే.”

అట్ట ముడుచుకోలేదని నేను, మరోసారి చూడమని ఆయన. సింహాచలం ఊరుకోకుండా, “బాబూ, ఇది కొట్టు కాదు, ఇక్కడ బేరాల్లేవు,” అన్నాడు. శెట్టిగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. అడగడంలో తప్పేముందన్నాడు.

కుడిచేతి వాళ్ల తూటాలు కిందికీ ఎడమకూ పోతున్నాయంటే పిస్టలు మీటను, అంటే ట్రిగ్గరును, నెమ్మదిగా నొక్కడం లేదని, ఒక్కసారిగా లాగుతున్నారని అర్థం. ఎందుకు లాగుతారంటే, నూటికి తొంభైమంది విషయంలో, చప్పుడుకు భయం. దాన్ని పట్టుకోవడానికి మాకొక పాత ఉపాయం ఉంది. మందులేని ఉత్తుత్తి తూటాను, డ్రిల్ కాట్రిడ్జి అంటాం, అసలు వాటి మధ్య తెలియకుండా పెట్టి ఇస్తాం. అది పేలదు కాబట్టి, పేలుతుందని చెయ్యి చేసే తప్పు కళ్లముందు కనబడుతుంది. పెట్టాను. టిక్కుమంది. పిస్టలు మొన గుంజినట్టు నేలకు వంగింది. చూశారా అని నేను పాఠం మొదలుపెట్టబోతుండగా శెట్టిగారు పిస్టలు జాగ్రత్తగా బల్లమీద పెట్టి నావైపు తిరిగాడు.

“సరుకులో కల్తీ ఉన్నాది సార్. ఇది మార్చి ఇప్పించండి.”

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ముప్పై ఏళ్లు తుపాకులతో గడిపినవాణ్ని, నా సరుకు కల్తీ అంటాడా? సింహాచలం బొమ్మ చాటుకు పోయి నవ్వుకున్నాడు.

భయం పోగొట్టాలి. చెవుల్లో దూది పెట్టించాను, పైన చెవులు మూసే టోపీ తగిలించాను. మొన వంగుతూనే ఉంది. చివరికి సింహాచలం ఒక సలహా ఇచ్చాడు. చప్పుడు అలవాటైతే సరి, పక్కన తాటాకు టపాకాయలు పేల్చుదామన్నాడు. బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాను. సింహాచలం వాటిని వెలిగించి పారేస్తుంటే నేను రెండుసార్లు ఉలిక్కిపడ్డాను. శెట్టిగారు రెప్ప కూడా వేయలేదు.

“దీపావళికి మాది టపాకాయల కొట్టు కూడా ఉండేది సార్. సప్పుడు నాకు కొత్తేటి?” అన్నాడు.

ఆ చప్పుళ్లేమిటని మా రిజర్వు ఇన్‌స్పెక్టరుగారు ఫోన్ చేశారు. ఆయన నా పై అధికారి. శిక్షణలో భాగమని చెప్పాను. ఏ శిక్షణ అని ఆయన అడగలేదు, నా అదృష్టం.

భయం కాదని తేలింది. మరేమిటో తేలలేదు. ఒకటి మాత్రం గమనించాను. గురి పెట్టాక ఈయన ఎంతకీ కాల్చడు. ఊపిరి బిగబట్టి, కళ్లు చిట్లించి అలాగే ఉంటాడు. చేయి వణుకు మొదలయ్యాక ఒక్కసారిగా లాగుతాడు. సగం ఊపిరి వదిలి, ఊపిరి ఆగిన ఆ క్షణంలోనే కాల్చాలి, ఎక్కువసేపు ఆగితే కళ్లు మసకేస్తాయి, చేయి అదురుతుంది అని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. సరేననేవాడు, మళ్లీ అదే.

పరీక్షలో నాలుగే పడ్డాయి. తప్పినవాళ్లకు నెల తరువాత ఇంకొక్క అవకాశం ఉంటుంది. అదీ తప్పితే దరఖాస్తు మొదటికి వస్తుంది. ఆ రోజు పార్వతమ్మగారు మొదటిసారి కారు దిగి నా దగ్గరికి వచ్చింది.

“మా అన్నయ్య విజీనారంలో ఇల్లు సూసి ఉంచేడు బాబూ. ఈయనకి రాదని మీరే సెప్పీయండి. మీరు సెప్తే ఇంటారు. రేపు ఈయన కళ్లల్లో కారం కొడితే నానేటైపోవాలి?”

ఆవిడ మాటలో న్యాయం ఉంది. అయినా రాదని చెప్పలేదు. ఎందుకు రావడం లేదో తెలియకుండా ఆ మాట అనడం నా వృత్తికే తలవంపు.

తరువాతి వారం పర్లాకిమిడిలో బంధువుల పెళ్లికి వెళ్లి తిరిగి వస్తున్నాం. మా ఆవిడ పాతపట్నంలో కారు ఆపించింది. మేనకోడలి పెళ్లికి గొలుసు పెట్టాలని ఆరు నెలలుగా అడుగుతోంది. రేటు దిగనీ అని నేను ఆపుతూ వచ్చాను. నేనలా ఆగుతూ ఉంటే మేనకోడలికి పిల్లలు కూడా పుట్టేస్తారని ఆవిడ కారులో వినిపించింది. శెట్టిగారి దుకాణానికే వెళ్లాం. మధ్యాహ్నం వేళ, ఉక్కపోత.

గొలుసు నచ్చింది. తూకం వేయాలి. శెట్టిగారు లేచి ముందు ఫ్యాను ఆపాడు. తూకపు యంత్రానికి ఉన్న అద్దాల తలుపు మూశాడు. మా ఆవిడ ఏదో అనబోతే వేలెత్తి ఆపాడు. అంకెలు అటూ ఇటూ కదులుతున్నాయి. ఊపిరి బిగబట్టి, కళ్లు చిట్లించి, అంకె పూర్తిగా నిలబడేదాకా వంగి చూస్తూ ఉన్నాడు. చెమట ముక్కు మీంచి కారుతున్నా కదల్లేదు. రేంజిలో నేను రోజూ చూసిన మొహమే అది.

అదీ సంగతి. ఈయన పిస్టలు మొన కూడా నిలబడుతుందని ఎదురుచూస్తున్నాడు. అది ఎవరి చేతిలోనూ నిలబడదు. నా చేతిలోనే నిలబడదు. నిలబడలేదని ఆగి ఆగి, చేయి అదిరాక, నల్ల వృత్తం కంటపడిన క్షణాన గుంజేస్తున్నాడు. ముప్పై ఏళ్లు తూకం వేసిన అలవాటు అది, పాఠం చెబితే పోయేది కాదు. తెలిసినందుకు సంతోషం వేసింది, మందు తెలియనందుకు దిగులూ వేసింది.

ఇంతలో ఆయన రేటు చెప్పాడు. నేను అలవాటుగా, ఇంకొన్నాళ్లు ఆగితే నిలకడకు వస్తుందేమో అన్నాను. శెట్టిగారు ఫ్యాను వేసి, తాపీగా కూర్చున్నాడు.

“రేటెప్పుడు నిలబడ్డాది సార్? పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. అది ఆడతాది. మీరనుకున్న దానికి దగ్గరలో ఆడతన్నాదా లేదా, అదొక్కటే సూడండి. దగ్గరలో ఉంటే నెమ్మదిగా కొనీయండి. నిలబడ్డాక కొంటానంటే ఇప్పుడు కొనరు, ఆఖర్ని పెళ్లి ముందర రోజు పరిగెత్తుకొచ్చి, తొందరలో మరీ ఎక్కువకి కొంటారు.”

మా ఆవిడ నావైపు చూసింది. నేను గొలుసు కొన్నాను. నిజం చెప్పాలంటే గొలుసుకన్నా ఆ మాటే నాకు ఎక్కువ విలువగా తోచింది.

మర్నాడు రేంజిలో, ఆయన పిస్టలు ఎత్తకముందే చెప్పాను. ఇక్కడ ఆపడానికి ఫ్యాను లేదు. మొన నిలబడదు, ఆడుతుంది. నల్ల వృత్తానికి దగ్గరలో ఆడుతోందా లేదా చూడండి. ఆడుతుంటే వేలు నెమ్మదిగా బిగిస్తూ పొండి, ఎప్పుడు పేలాలో అదే చూసుకుంటుంది. ఆఖర్ని తొందరపడి ఎక్కువకు కొనకండి.

శెట్టిగారు నావైపు తిరిగాడు.

“నా మాట నాకే అమ్ముతన్నారా సార్?”

తరుగు లేకుండా అమ్ముతున్నానన్నాను.

ఆ రోజు మొదటి తూటా పేలినప్పుడు ఆయనే ఆశ్చర్యపోయాడు. అలా ఆశ్చర్యం కలిగితేనే మీట సరిగ్గా నొక్కినట్టు. చిల్లు నల్ల వృత్తం నడిమధ్య ఉంది. అయినా అలవాటు అంత తేలికగా పోలేదు. అప్పుడప్పుడు మళ్లీ బిగుసుకుపోయేవాడు. అలాంటప్పుడు వెనకనుంచి సింహాచలం మెల్లగా, “బాబూ, రేటు పెరిగిపోతన్నాది,” అనేవాడు. ఏ డ్రిల్ పుస్తకంలోనూ లేని ఆ ఆర్డరును నేను ఆపలేదు, అది పనిచేసింది కనుక.

రెండో పరీక్షకు రిజర్వు ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వచ్చారు. పరీక్షలో అభ్యర్థితో ఎవరూ మాట్లాడకూడదు. సింహాచలానికి ముందే గట్టిగా చెప్పి ఉంచాను. పార్వతమ్మగారు కారు దిగి, చెట్టు పట్టుకుని నిలబడింది. తొమ్మిది తూటాలు అయ్యాయి. దుర్భిణిలో చూస్తే ఐదు లోపల, నాలుగు బయట. ఒక్కటి మిగిలింది.

శెట్టిగారు ఎత్తాడు. గురి పెట్టాడు. ఊపిరి బిగించాడు. కాల్చడే. మెడనరం ఉబ్బింది, మొన వణుకుతోంది. నా పక్కన సింహాచలం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. తాతలనాటి దుకాణం అక్కడ ఆ మీట దగ్గర ఆగి ఉందని నాకు తెలుసు. నోరు తెరవలేను.

అప్పుడు శెట్టిగారు అంతకుముందు ఒక్కనాడూ చేయని పని చేశాడు. కాల్చకుండా పిస్టలు దించాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ ఎత్తి, ఆట్టే ఆగకుండా కాల్చాడు.

చిల్లు గీత పక్కన పడింది. తగిలిందో లేదో కంటికి తెలియడం లేదు. ఇన్‌స్పెక్టరుగారు వంగారు, నేను వంగాను. బేరానికి శెట్టిగారు వస్తాడని చూశాను. రాలేదు. ఉన్నచోటే నిలబడి, పార్వతమ్మగారి వైపు చూస్తున్నాడు. సింహాచలం తూటా మందం కొలవడానికి డ్రిల్ కాట్రిడ్జి తీసి, దాని మొన చిల్లులో దూర్చాడు. కల్తీ సరుకని పేరు పడిన ఆ కాట్రిడ్జి అంచు గీతను తాకింది. ఇన్‌స్పెక్టరుగారు ఆరు అని రాశారు.

ఆ మాట విన్నాక గానీ శెట్టిగారు కదల్లేదు. మెల్లగా బొమ్మ దగ్గరికి వచ్చి కళ్లజోడు పెట్టుకున్నాడు.

“సార్, ఈ పక్కది కూడా గీతకి దగ్గరే ఉన్నాది. ఒకపాలి సూసి ఏడు రాయండి.”

ప్యాసయ్యారు, ఇక బేరం ఆపమని ఇన్‌స్పెక్టరుగారు కసిరారు. వెనకనుంచి పార్వతమ్మగారు, ఇంక కారెక్కండి అంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

రిటైరయ్యాక ఒకసారి పర్లాకిమిడి వెళ్తూ పాతపట్నంలో దిగాను. దీపాలు పెట్టే వేళ. దుకాణం షట్టరు పైకే ఉంది. లోపల నలుగురు రైతులు చెమటలు కక్కుతూ కూర్చున్నారు, ఎందుకంటే ఫ్యాను ఆగి ఉంది. సోమలింగం ఊపిరి బిగబట్టి తూకం వేస్తున్నాడు. శెట్టిగారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వీధిని చూస్తున్నాడు. నడుము దగ్గర చొక్కా ఎత్తుగా ఉంది. ఇన్నాళ్లలో దాన్ని బయటికి తీయవలసిన అవసరం ఒక్కసారీ రాలేదట.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. గురి తప్పుతున్నవాడి చేతిని దిద్దేముందు, ఆ చేయి అంతవరకు ఏ పని చేసిందో వెళ్లి చూసి రావాలి. ఆ తరువాత నా దగ్గరికి వచ్చిన ప్రతివాణ్నీ ముందు ఏం పని చేస్తావని అడిగాకే పిస్టలు ఇచ్చాను.

గొలుసు కొన్న వారానికే బంగారం రేటు పడిపోయింది. అంతకాలం మనసులో పెట్టుకున్న ఆ మాట పాతపట్నంలో దిగిన ఆ రోజు శెట్టిగారిని అడిగేశాను. ఆయన వీధిమీంచి చూపు తిప్పలేదు.

“ఆడతాది సార్,” అన్నాడు. “అప్పుడే సెప్పేను కదా.”