అమావాస్య సెలవు

తొంభైల్లో నేను పదో తరగతి తప్పాక, మా అమ్మ నన్ను అమలాపురం దగ్గర కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో చేర్చింది. పని నేర్చుకునేదాకా సగం కూలే అని యజమానితో ముందే ఒప్పుకుంది. కొత్తగా వచ్చే ఆడపిల్లలందరికీ అంతే. ఎప్పటికి నేర్చుకున్నట్టో మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండేళ్లు తాళ్లు పేనాక కూడా నేను నేర్చుకునే పిల్లనే.

మా పెద్దమ్మ అక్కడ పాత మనిషి. నేను పుట్టకముందు ఒక అమావాస్యనాడు, పీచు తీసే మిషన్‌లో చెయ్యి పడి పెదనాన్న కుడిచేతి వేళ్లు పోయాయి. అప్పటి పెద్ద యజమాని వాళ్లింటికొచ్చి, ఇక అమావాస్యకి మిషన్ తిప్పననీ, ఆ రోజు అందరికీ కూలితో సెలవనీ మాటిచ్చారట. ఆయన పోయినా ఆ సెలవు నడుస్తూనే ఉంది. నెల మొత్తంలో మాకున్న సెలవు అదొక్కటే.

ఒకసారి లేబర్ ఆఫీసరు తనిఖీకి వచ్చి, వారానికొక రోజు కూలితో సెలవివ్వాల్సిందేనని చెప్పి వెళ్లారు. పెద్దాయన కొడుకే అప్పటి మా యజమాని. ఆయన ఆదివారాలు ఇచ్చి అమావాస్య తీసేశారు. చెడ్డవారేం కాదు. ప్లాస్టిక్ తాళ్లొచ్చి మా తాళ్లకి గిరాకీ పడిపోతోంది. పైగా, ఒక్క సెలవు పోయి నాలుగొస్తున్నాయని మేమంతా సంబరపడ్డాం.

ఆ నెల అమావాస్యనాడు మిషన్ మోగింది. పెద్దమ్మ లోపలికి రాలేదు. బయట పీచు ఆరబెట్టేచోట కూర్చుండిపోయింది. యజమాని వచ్చి నచ్చజెప్పబోయారు.

“ఆదివారం గవర్నమెంటోరు ఇచ్చేరండీ. అమావాస్య మీ నాన్నగారు ఇచ్చేరు. వాళ్లిచ్చేరని మీరు తీసేసుకుంటారేంటండీ, బాబుగారూ?” అంది పెద్దమ్మ.

ఆయన కోప్పడలేదు. లేబర్ ఆఫీసులోనే తేల్చుకుందాం రమ్మన్నారు. పెద్దమ్మ నన్ను తోడు తీసుకెళ్లింది.

ఆఫీసరు ఇద్దరి మాటా విన్నారు. “చట్టం ఇమ్మన్నదానికన్నా తక్కువకి ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లదండీ. మీ నాన్నగారిచ్చిన రోజు ఆదివారాలకి పైన ఎక్కువే కదా. చట్టం వచ్చిందని అది పోదు,” అన్నారు.

తర్వాత నా వైపు తిరిగి నాకేం కూలి ఇస్తున్నారని అడిగారు. పెద్దమ్మే చెప్పింది. వాళ్లమ్మ ఒప్పుకునే చేర్పించిందని యజమాని అన్నారు. ఎవరు ఒప్పుకున్నా సరే, కనీస కూలికి తగ్గకూడదని ఆఫీసరు నెమ్మదిగానే చెప్పారు. యజమాని “ఆయ్, అలాగేనండీ” అన్నారు.

తర్వాతి అమావాస్యకి మిషన్ ఆగింది. ఆ సాయంత్రం యజమాని పెద్దమ్మ ఇంటికి వచ్చి, అరుగు మీద పెదనాన్న పక్కన కూర్చుని, చెయ్యి పడిన రోజు ఏం జరిగిందో చెప్పమని అడిగారు. తండ్రి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదట. పెదనాన్న నిదానంగా చెబుతూ ఉంటే, పెద్దమ్మ ఇచ్చిన టీ యజమాని చేతిలోనే చల్లారిపోయింది.

నేను మొదటిసారి పూర్తి కూలి తెచ్చి అమ్మ చేతిలో పెడితే ఆవిడ భయపడింది. ఎక్కువది తిరిగిచ్చి రమ్మంది. ఆఫీసరు చెప్పిందంతా చెప్పినా ఒప్పుకోలేదు.

“సగానికి ఒప్పుకున్నది నేను కదే. మాట తప్పినట్టవదూ?” అంది.

పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడితే గాని, అమ్మ ఆ డబ్బు పెట్టెలో పెట్టలేదు.